ఇన్ని ఆంక్షలు పెట్టినా యుద్ధం ఎందుకు ఆగలేదు? ఆ బిల్లు ఎవరు కడుతున్నారు?

ఈ వారం ఎపిసోడ్ వినడానికి టైం దొరకని వాళ్ళ కోసం, విన్నా ఇంకోసారి నిదానంగా చదువుకుందాం అనుకునే వాళ్ళ కోసం ఈ వ్యాసం. మైకు ముందు హడావిడిలో వదిలేసిన లెక్కలు కూడా ఇందులో చేర్చాను.

మీ వాయిస్ మెసేజ్‌లలో ఎక్కువగా వచ్చిన ప్రశ్న ఇది: "అన్నా, రష్యా మీద ప్రపంచమంతా ఆంక్షలు పెట్టింది అంటారు కదా, మరి ఏండ్ల తరబడి యుద్ధం ఎట్లా చేస్తున్నరు?" దాని వెనకే ఇంకొకటి వచ్చింది: "ఎక్కడో ఉక్రెయిన్‌లో కొట్టుకుంటే దుబాయ్ క్యాంపులో ఉండే మనకేంటి?" నాకైతే ఈ రెండూ ఒకే ప్రశ్న అనిపిస్తోంది.

నా సమాధానం ముందే చెప్పేస్తా. ఆంక్షల వల్ల యుద్ధం ఆగిపోవడం చాలా అరుదు. యుద్ధం ఖర్చు మాత్రం పెరుగుతుంది. ఎంత పెరుగుతుంది, ఎవరి నెత్తిన పడుతుంది అనేది ఆ దేశానికి ఇంకా ఎంతమంది స్నేహితులు మిగిలారనే దాన్ని బట్టి ఉంటుంది. అందులో కొంత భాగం ఆ యుద్ధంతో ఏ సంబంధమూ లేని కూలివాడి దాకా కూడా వస్తుంది. ఇది ఎలా జరుగుతుందో మెల్లగా చూద్దాం.

ఆంక్ష అంటే ఊరి వెలి లాంటిదే

పాత రోజుల్లో మన ఊళ్ళల్లో ఒక ఇంటిని వెలివేసేవాళ్ళు. అంగట్లో సరుకు ఇవ్వరు, పొలానికి కూలికి ఎవరూ పోరు, పెళ్ళికి పిలవరు, చావుకు రారు. అది చాలాసార్లు అన్యాయంగానే జరిగేది, ఆ సంగతి వేరే. కానీ అది పనిచేసే పద్ధతి గుర్తుంచుకోండి. ఊరంతా ఒక మాట మీద ఉంటేనే వెలి గట్టిగా ఉంటుంది. ఇద్దరు ముగ్గురు చీకటి పడ్డాక వెనక గుమ్మం నుంచి బియ్యం, ఉప్పు అందిస్తున్నారంటే ఆ ఇల్లు ఎలాగోలా నడుస్తుంది. కాకపోతే పది రూపాయల సరుకు పదిహేనుకు కొనాలి, తన వడ్లు మాత్రం తక్కువకు అమ్ముకోవాలి.

దేశాల మధ్య ఆంక్షలు కూడా ఇంతే. డబ్బు దారి మూసేస్తారు, సరుకు దారి మూసేస్తారు, కొంతమంది మనుషుల పేర్లు లిస్టులో పెట్టి వాళ్ళ ఆస్తులు స్తంభింపజేస్తారు. ఊరంతా కలిసి వేసిన వెలికి, సగం ఊరు వేసిన వెలికి తేడా తెలియాలంటే రెండు యుద్ధాలు పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకటి మన గల్ఫ్‌లోనే జరిగింది.

1990: ఊరంతా ఒక్కటైన రోజు

కువైట్‌లో పాత మనుషులను అడగండి, చెప్తారు. 1990 ఆగస్టు 2న సద్దాం హుసేన్ సైన్యం కువైట్‌లోకి దిగింది. నాలుగే రోజుల్లో, ఆగస్టు 6న, ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 661వ తీర్మానం చేసింది. ఇరాక్‌తో కొనడం, అమ్మడం, డబ్బు పంపడం అన్నీ బంద్. 13 దేశాలు అనుకూలంగా ఓటేశాయి, క్యూబా, యెమెన్ తటస్థంగా ఉన్నాయి. అప్పుడే అమెరికా, సోవియట్ యూనియన్ మధ్య పాత పగ చల్లారుతోంది. అందుకే రెండూ ఒకే వైపు చెయ్యెత్తాయి, చైనా కూడా అడ్డు చెప్పలేదు.

ఇరాక్‌కు విదేశీ డబ్బు దాదాపు అంతా చమురు నుంచే వచ్చేది. ఆ చమురు బయటికి పోయే పైపులైన్లు రెండు: ఒకటి టర్కీ మీదుగా, ఇంకొకటి సౌదీ మీదుగా. రెండు దేశాలూ మూసేశాయి. సముద్రంలో యుద్ధ నౌకలు కాపలా కాశాయి. ఒక దేశాన్ని అంత గట్టిగా చుట్టుముట్టడం చరిత్రలో అరుదు.

మరి సద్దాం కువైట్ వదిలాడా? వదల్లేదు. 1991 జనవరి, ఫిబ్రవరి నెలల్లో అమెరికా నాయకత్వంలో కూటమి సైన్యాలు యుద్ధం చేసి ఖాళీ చేయించాయి. ఆంక్షలు మాత్రం 2003 దాకా నడిచాయి. ఆ పన్నెండేళ్ళు సద్దాం గద్దె మీదే ఉన్నాడు, జనం రేషన్ పిండి మీద బతికారు. ఇరాకీ దినార్ విలువ కాగితం స్థాయికి పడిపోయింది. చమురు అమ్మి తిండి, మందులు కొనుక్కోవడానికి ఐరాస అనుమతించిన పథకం అమలులోకి వచ్చేసరికి 1996 డిసెంబర్ అయింది.

ఈ కథలో మనం కూడా ఉన్నాం. కువైట్ నుంచి, ఇరాక్ నుంచి మన వాళ్ళు బస్సుల్లో జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి విమానం ఎక్కారు. రెండు నెలల్లో 1,70,000 మందికి పైగా భారతీయులను ఎయిర్ ఇండియా తదితర విమానాలు ఇంటికి చేర్చాయి. గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి వెళ్ళిన వాళ్ళలో ఎంతోమంది దాచుకున్న దినార్లు అక్కడే వదిలి కట్టుబట్టలతో వచ్చారు. ఇటు గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు ఆగింది, అటు చమురు ధర పెరిగింది. అప్పటికే బలహీనంగా ఉన్న మన దేశ విదేశీ మారక నిల్వలు ఇంకా కరిగాయి. 1991లో భారత ప్రభుత్వం బంగారాన్ని విదేశాల్లో తాకట్టు పెట్టాల్సి వచ్చింది.

ఇంకో సంగతి, గల్ఫ్‌లో కష్టపడే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల్సింది. ఆ సంక్షోభంలో యెమెన్ ప్రభుత్వం సౌదీకి నచ్చినట్టు నిలబడలేదు. వెంటనే సౌదీ, యెమెనీ కార్మికులకు అంతవరకు ఉన్న ప్రత్యేక సౌకర్యాలు తీసేసింది. సుమారు 8 లక్షల మంది యెమెనీలు పనులు, దుకాణాలు వదిలి ఇంటికి పోవాల్సి వచ్చింది. చెయ్యెత్తింది న్యూయార్క్‌లో ఒక దౌత్యవేత్త. దాని ఖర్చు కట్టింది జెడ్డాలో మేస్త్రీ పని చేసుకునేవాడు.

2022: సగం ఊరు వేసిన వెలి

ఇప్పుడు రష్యాకు వద్దాం. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద పూర్తి స్థాయి దాడి మొదలుపెట్టింది. మర్నాడే భద్రతా మండలిలో తీర్మానం వచ్చింది. 11 దేశాలు రష్యాకు వ్యతిరేకంగా ఓటేశాయి. కానీ రష్యా చేతిలో వీటో ఉంది, అది వాడేసింది. తటస్థంగా ఉన్నవి మూడు దేశాలు: చైనా, భారత్, యూఏఈ. అంటే మనం పుట్టిన దేశం, మనలో చాలామందికి జీతమిచ్చే దేశం రెండూ ఆ మూడింట్లో ఉన్నాయి.

ఇరాక్‌కు, రష్యాకు మొదటి తేడా ఇదే. ఐరాస ఆంక్షలు అయితే ప్రతి దేశమూ పాటించాలి. రష్యా మీద ఐరాస ఆంక్షలు లేవు. ఉన్నవి అమెరికా, యూరోపియన్ యూనియన్, బ్రిటన్, జపాన్, కెనడా, ఆస్ట్రేలియా లాంటి దేశాలు వేసినవి. డబ్బున్న దేశాలే, కానీ ప్రపంచ జనాభాలో ఎక్కువ మంది ఉండే దేశాలు బయటే ఉన్నాయి.

అయినా మొదటి దెబ్బ గట్టిదే. రష్యా కేంద్ర బ్యాంకుకు యుద్ధానికి ముందు 600 బిలియన్ డాలర్లకు పైగా నిల్వలు ఉండేవి. అందులో సుమారు 300 బిలియన్లు పశ్చిమ దేశాల్లో ఉన్నాయి, వాటిని స్తంభింపజేశారు. పెద్ద భాగం బెల్జియంలోని యూరోక్లియర్ అనే సంస్థ దగ్గర ఉంది. పాస్‌బుక్‌లో అంకె కనిపిస్తుంది, పేరు మీదే ఉంటుంది, కౌంటర్‌కు పోతే ఒక్క పైసా ఇవ్వరు. అలాగన్నమాట.

తర్వాత స్విఫ్ట్. మనం ఎక్స్చేంజ్‌లో దిర్హాములు కడితే అవి విమానమెక్కి కరీంనగర్ పోవు. "ఇంత డబ్బు ఫలానా ఖాతాలో వేయండి" అని బ్యాంకు నుంచి బ్యాంకుకు ఒక సందేశం పోతుంది. ప్రపంచంలో 11,000కు పైగా సంస్థలు అలాంటి సందేశాలకు వాడే వ్యవస్థే స్విఫ్ట్. 2022 మార్చిలో మొదట ఏడు రష్యన్ బ్యాంకులను అందులోంచి తీసేశారు, జూన్‌లో అతి పెద్ద బ్యాంకు స్బేర్‌బ్యాంక్‌ను కూడా తీసేశారు. వీసా, మాస్టర్‌కార్డ్ రష్యాలో పని ఆపేశాయి.

రూబుల్ కుప్పకూలింది. రష్యా కేంద్ర బ్యాంకు వడ్డీ రేటును ఒక్కసారిగా 20 శాతానికి పెంచింది. ఆ ఏడాది రష్యా ఆర్థిక వ్యవస్థ 8.5 శాతం కుంగిపోతుందని ఐఎంఎఫ్ ఏప్రిల్‌లో అంచనా వేసింది. నిజంగా జరిగింది చూస్తే ఒకటిన్నర శాతం లోపే తగ్గింది. 2023, 2024 సంవత్సరాల్లో అయితే ఏటా 4 శాతం అటూ ఇటూగా పెరిగింది కూడా. ఎలా?

వెనక గుమ్మం తెరిచింది ఎవరు?

మొదటిది చైనా. 2021లో రష్యా, చైనా వ్యాపారం 147 బిలియన్ డాలర్ల దగ్గర ఉంటే 2023లో అది 240 బిలియన్లకు చేరింది. యూరప్, జపాన్ కార్లు పోయిన చోట చైనా కార్లు వచ్చాయి. యంత్రాలు, ఎలక్ట్రానిక్ భాగాలు కూడా.

రెండోది మన దేశం. యుద్ధానికి ముందు భారత్ కొనే ముడి చమురులో రష్యా వాటా 2 శాతం కూడా లేదు. యూరప్ కొనడం తగ్గించాక రష్యా డిస్కౌంట్ ఇచ్చింది, మన రిఫైనరీలు కొన్నాయి. 2023-24 నాటికి ఆ వాటా మూడో వంతు దాటింది. మన ప్రభుత్వం చెప్పే మాట సూటిగానే ఉంటుంది: 140 కోట్ల మందికి చమురు ఎక్కడ చవకగా దొరికితే అక్కడ కొంటాం. ఇందులో ఒక చిక్కు కూడా ఉంది. అమ్మిన చమురుకు రష్యా తీసుకున్న రూపాయల్లో బిలియన్ల కొద్దీ భారత బ్యాంకుల్లోనే చిక్కుకుపోయాయి, వాటితో కొనడానికి ఏమీ లేకపోయింది. 2023 మే నెలలో గోవా వచ్చినప్పుడు రష్యా విదేశాంగ మంత్రి లావ్రోవ్ ఈ సంగతి బహిరంగంగానే చెప్పాడు. వెనక గుమ్మం నుంచి అమ్ముకునేవాడి కష్టం ఇదే.

మూడోది గల్ఫ్. అప్పట్లో సౌదీ, యూఏఈ, రష్యా అన్నీ ఒపెక్ ప్లస్‌లో కలిసి చమురు ఉత్పత్తి ఎంత ఉండాలో నిర్ణయించేవి. 2022 అక్టోబర్‌లో అమెరికా వద్దంటున్నా రోజుకు 20 లక్షల బ్యారెళ్ళ కోత ప్రకటించాయి. సౌదీ అయితే చవకగా వచ్చిన రష్యా ఇంధన నూనెను కరెంటు కోసం కాల్చి, తన చమురును బయటికి అమ్ముకుంది. దుబాయ్‌కి రష్యన్లు డబ్బుతో సహా వచ్చారు. 2022లో దుబాయ్‌లో ఇళ్ళు కొన్న విదేశీయుల్లో వాళ్ళు ముందు వరసలో ఉన్నారు. ఇక్కడ అద్దెలు పెరగడానికి చాలా కారణాలున్నాయి, వాటిలో ఇది కూడా ఒకటి.

నాలుగోది ఆయుధాల స్నేహం. ఇరాన్ షాహెద్ డ్రోన్లు ఇచ్చింది, తర్వాత వాటిని రష్యా సొంతంగానే తయారుచేసుకోవడం మొదలుపెట్టింది. ఉత్తర కొరియా గుండ్లు పంపింది. 2024 జూన్‌లో రెండు దేశాలూ రక్షణ ఒప్పందం చేసుకున్నాయి, ఆ ఏడాది చివర్లో వేలమంది ఉత్తర కొరియా సైనికులు కుర్స్క్ ప్రాంతానికి వచ్చారు. ఒకటి గమనించండి. ఇరాన్, ఉత్తర కొరియా రెండూ అప్పటికే ఆంక్షల కింద ఉన్న దేశాలు. వెలి పడ్డ ఇళ్ళన్నీ ఒక చోట చేరి తమలో తాము అంగడి పెట్టుకున్నట్టు అయింది.

చమురు ధరకు తాడు, ఆ తాడు తెంచే ఓడలు

రష్యా చమురు పూర్తిగా ఆపేస్తే ప్రపంచంలో పెట్రోలు ధర మండిపోతుంది. అది పశ్చిమ దేశాలకు కూడా తెలుసు. అందుకే 2022 డిసెంబర్‌లో జీ7 దేశాలు ఒక మధ్యేమార్గం పెట్టాయి: రష్యా చమురు అమ్ముకోవచ్చు, కానీ బ్యారెల్ 60 డాలర్లకు మించితే మా ఓడలు, మా బీమా ఇవ్వం. ప్రపంచంలో తిరిగే ఓడల్లో ఎక్కువ భాగానికి బీమా ఇచ్చే క్లబ్బులు లండన్, యూరప్ చుట్టూ ఉన్నాయి. ఆ ధైర్యంతో పెట్టిన నిబంధన ఇది. 2025 సెప్టెంబర్‌లో యూరప్ ఆ పరిమితిని 47.6 డాలర్లకు దించింది.

రష్యా ఏం చేసింది? పాతబడిన ట్యాంకర్లను కొనిపించింది. అసలు యజమాని ఎవరో తెలియని కంపెనీలు, చిన్న చిన్న దేశాల జెండాలు, సందేహమైన బీమా, ఎక్కడున్నారో తెలియకుండా సిగ్నల్ ఆపేసుకోవడం. వీటినే షాడో ఫ్లీట్ అంటున్నారు, మనం దొంగ ఓడల దండు అనుకోవచ్చు. చమురు పోతోంది, కానీ ఓడకు, బ్రోకర్‌కు, మధ్యవర్తికి ముట్టజెప్పాక రష్యా ఖజానాకు చేరేది తగ్గింది.

అయితే ఆంక్షలు దండగేనా?

ఇక్కడ రెండు వైపులా అతిశయోక్తులు ఎక్కువ. ఒకరు "రష్యా దివాలా తీసింది" అంటారు, ఇంకొకరు "చీమ కుట్టినట్టు కూడా లేదు" అంటారు. రెండూ తప్పే.

ఆంక్షల దెబ్బ గుండెపోటులా కాకుండా షుగర్ జబ్బులా పడుతుంది. మనిషి నడుస్తూనే ఉంటాడు, లోపల ఒక్కొక్కటే పాడవుతుంది. 2022లో రష్యా లాడా కార్లు కొన్నాళ్ళు ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ లేకుండా తయారయ్యాయి, ఎందుకంటే ఆ భాగాలు బయటి నుంచి రావాలి. బోయింగ్, ఎయిర్‌బస్ విమానాలకు విడిభాగాలు నేరుగా దొరకవు. యూరప్‌కు గ్యాస్ అమ్మకం పడిపోయాక, ఒకప్పుడు డబ్బుల చెట్టులా ఉన్న గాజ్‌ప్రోమ్ 2023లో 629 బిలియన్ రూబుళ్ళ నష్టం చూపించింది. ఇరవై ఏళ్ళకు పైగా దానికి ఏడాది మొత్తానికి నష్టం వచ్చింది లేదు.

మరి ఆర్థిక వ్యవస్థ పెరిగింది కదా అంటే, పెరిగింది నిజమే. ట్యాంకు తయారుచేస్తే అది కూడా ఉత్పత్తి లెక్కలోకే వస్తుంది. కానీ ఆ ట్యాంకు పొలం దున్నదు, బస్సులా జనాన్ని మోయదు, యుద్ధంలో కాలిపోతుంది. 2025 బడ్జెట్‌లో ఖర్చులో దాదాపు మూడో వంతు రక్షణకే పెట్టారు. మగవాళ్ళు సైన్యానికి, ఆయుధ ఫ్యాక్టరీలకు పోయారు, లక్షలమంది దేశం వదిలారు, మిగతా పనులకు మనుషులు లేరు. ధరలు పెరిగాయి. 2024 అక్టోబర్‌లో వడ్డీ రేటు 21 శాతానికి వెళ్ళింది. 2026 జనవరి నుంచి వ్యాట్ 20 నుంచి 22 శాతానికి పెరిగింది. అంటే బిల్లు మాస్కోలో అంగడికి పోయే ముసలమ్మ దగ్గరకు వచ్చింది.

అవతలి పక్క సంగతి కూడా చెప్పాలి. ఉక్రెయిన్ నిలబడింది సొంత ధైర్యంతో పాటు కూటమి ఇచ్చే ఆయుధాలతో, డబ్బుతో. కానీ అండ మీద బతికేవాడి నల్లా ఇంకొకరి చేతిలో ఉంటుంది. అమెరికా కాంగ్రెస్‌లో సాయం బిల్లు నెలల తరబడి ఆగి 2024 ఏప్రిల్‌లో గానీ పాస్ కాలేదు. ఆ మధ్యలో ఉక్రెయిన్ సైనికులు గుండ్లు లెక్కపెట్టుకుంటూ పోరాడారు, ఫిబ్రవరిలో అవ్దీవ్కా పట్టణం చేజారింది. రష్యాకు కూడా కూటముల విషయంలో ఎదురుదెబ్బ తగిలింది. నాటో తన దగ్గరికి రాకూడదన్నది పుతిన్ చెప్పిన కారణాల్లో ఒకటి. చివరికి 2023లో ఫిన్లాండ్, 2024లో స్వీడన్ నాటోలో చేరాయి. ఒక్క ఫిన్లాండ్‌తోనే రష్యాకు 1,300 కిలోమీటర్లకు పైగా సరిహద్దు ఉంది.

బిల్లు భీమవరం దాకా

ఆంక్షలు వేసినవాళ్ళు వెనక గుమ్మం చూస్తూ ఊరుకోరు. "నువ్వు వాళ్ళకు బియ్యం ఇస్తే నీకు కూడా వెలి" అంటారు. వీటిని సెకండరీ ఆంక్షలు అంటారు. 2023 డిసెంబర్‌లో అమెరికా, రష్యా ఆయుధ పరిశ్రమకు చెల్లింపులు నడిపే విదేశీ బ్యాంకుల మీద చర్య తీసుకుంటామని ఉత్తర్వు ఇచ్చింది. తర్వాత చైనా, టర్కీ, యూఏఈ బ్యాంకులు కూడా రష్యా లావాదేవీలంటే జంకడం మొదలుపెట్టాయి.

2025 జులైలో యూరప్, గుజరాత్‌లోని వాడినార్ రిఫైనరీ నడిపే నయారా ఎనర్జీ మీద ఆంక్షలు పెట్టింది. ఎందుకంటే అందులో 49 శాతం వాటా రష్యా కంపెనీ రోస్‌నెఫ్ట్‌ది. దేశమంతా 6,000కు పైగా పెట్రోల్ బంకులున్న కంపెనీ అది. కొన్ని రోజులు మైక్రోసాఫ్ట్ సేవలు కూడా ఆగిపోయి కోర్టుకు పోవాల్సి వచ్చింది. అక్టోబర్‌లో అమెరికా నేరుగా రోస్‌నెఫ్ట్, లుకోయిల్ మీదే ఆంక్షలు వేసింది.

అదే ఏడాది ఆగస్టులో, రష్యా చమురు కొంటున్నందుకని చెప్పి అమెరికా భారత సరుకుల మీద అదనంగా 25 శాతం సుంకం వేసింది. అప్పటికే ఉన్నదానితో కలిపి 50 శాతం అయింది. మన దేశం నుంచి పోయే రొయ్యలకు పెద్ద మార్కెట్ అమెరికానే, ఆ రొయ్యల్లో పెద్ద వాటా ఆంధ్రప్రదేశ్‌ది. భీమవరం చుట్టుపక్కల చెరువు కౌలుకు తీసుకున్న రైతు, ప్రాసెసింగ్ షెడ్డులో రొయ్య తల వలిచే ఆడమనిషి, వీళ్ళకు ఉక్రెయిన్ మ్యాపులో ఎక్కడుందో తెలియాల్సిన పని లేదు. కానీ ఆ యుద్ధం లెక్కలో వాళ్ళ పేరు కూడా చేరిపోయింది. చమురు చవకగా వచ్చిన లాభం ఒకరికి, సుంకం దెబ్బ ఇంకొకరికి.

మన చేతికి తగిలే మూడు చోట్లు

మొదటిది, డబ్బు పంపే కౌంటర్. ఎక్స్చేంజ్‌లో మీ పేరును ఆంక్షల లిస్టులతో పోల్చి చూస్తారు. సాధారణమైన పేరు ఉన్నవాళ్ళకు, ముఖ్యంగా మన ముస్లిం సోదరులకు, పేరు కలిసి ట్రాన్స్‌ఫర్ ఆగిపోతుంటుంది. భయపడకండి. ఐడీ కార్డు, పాస్‌పోర్ట్ కాపీ, పుట్టిన తేదీ, తండ్రి పేరు, జీతం కాగితం చూపిస్తే చాలావరకు తేలిపోతుంది. ఇండియాలో ఖాతా ఉన్న పేరు, పాస్‌పోర్ట్ పేరు ఒకేలా ఉండేలా చూసుకోండి. ఇంకోటి, "నీ ఖాతాలో కొంత డబ్బు పడుతుంది, తీసి ఫలానా వాళ్ళకు ఇవ్వు, కమిషన్ ఇస్తా" అని ఎవరు చెప్పినా, మన ఊరివాడే అయినా, ఒప్పుకోవద్దు. దారి మూసుకుపోయిన డబ్బు వెతుక్కునేది ఇలాంటి చిన్న ఖాతాలనే. కేసు పడితే ఖాతా ఎవరి పేరు మీద ఉందో వాళ్ళ మీదే పడుతుంది.

రెండోది, ఓడ ఉద్యోగం. విశాఖ నుంచి, తీర జిల్లాల నుంచి షిప్పుల్లో చేరే పిల్లలు మనకు చాలామందే ఉన్నారు. పాత ట్యాంకర్, ఎప్పుడూ వినని దేశం జెండా, జీతం మాత్రం మామూలు కంటే ఎక్కువ అంటే ఆలోచించండి. అలాంటి ఓడకు ప్రమాదం జరిగితే బీమా ఉండకపోవచ్చు, యజమాని మాయమైతే జీతం ఉండదు, ఓడ పేరు ఆంక్షల లిస్టులోకి ఎక్కితే పోర్టులోకి రానివ్వరు. అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య లెక్క ప్రకారం 2024లో యజమానులు వదిలేసిన నావికుల్లో అందరికంటే ఎక్కువ మంది భారతీయులే. డీజీ షిప్పింగ్ లైసెన్స్ ఉన్న ఏజెన్సీ ద్వారానే పోవాలి. ఓడకు ఐఎంఓ నంబర్ అని ఒకటి ఉంటుంది. పేరు మార్చినా, జెండా మార్చినా అది మారదు. చేరే ముందు ఆ నంబర్ అడిగి, ఓడ చరిత్ర వెతికి చూడండి.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది, రష్యాలో ఉద్యోగం. అక్కడ మనుషుల కొరత ఉందని పైన చెప్పాను కదా. ఆ కొరతే ఏజెంట్ల నోట్లో ఆఫర్‌గా మారింది. "సెక్యూరిటీ హెల్పర్", "సైన్యంలో వంటపని, యుద్ధానికి పోనక్కర్లేదు" అని యూట్యూబ్ వీడియోలతో, దుబాయ్ ఏజెంట్లతో మన కుర్రాళ్ళను తీసుకెళ్ళారు. అక్కడ అర్థం కాని భాషలో కాగితం మీద సంతకం పెట్టించి ఫ్రంట్‌కు పంపారు. 2024 మార్చిలో హైదరాబాద్ యువకుడు ఒకరు చనిపోయినట్టు మాస్కోలోని భారత రాయబార కార్యాలయం ప్రకటించింది. ఆ నెలలోనే సీబీఐ కేసు పెట్టింది. 2025 జనవరిలో విదేశాంగ శాఖ చెప్పిన లెక్క ఇది: రష్యా సైన్యంలో చేరిన భారతీయులు 126 మంది, తిరిగి వచ్చినవాళ్ళు 96 మంది, చనిపోయినవాళ్ళు 12 మంది, జాడ తెలియనివాళ్ళు 16 మంది.

అలాగని రష్యాలో ఉద్యోగాలన్నీ మోసం అని నేను చెప్పను. 2025 డిసెంబర్‌లో పుతిన్ ఢిల్లీ వచ్చినప్పుడు రెండు దేశాలూ కార్మికుల తాత్కాలిక ఉపాధిపై ఒప్పందం చేసుకున్నాయి. కాబట్టి ఫ్యాక్టరీ పనికి, నిర్మాణ పనికి నిజమైన ఆఫర్లు కూడా మీ ఫోన్‌కు వస్తాయి. అప్పుడు అడగాల్సినవి అడగండి. ఏజెంట్ పేరు ఈమైగ్రేట్ పోర్టల్‌లో ఉందా? వెళ్ళేది ఏ వీసా మీద, విజిట్ వీసా అంటున్నారా? కాంట్రాక్టు మీకు అర్థమయ్యే భాషలో ఉందా, అందులో రక్షణ శాఖ పేరు ఎక్కడైనా కనిపిస్తోందా? పనిచేసే ఊరు ఉక్రెయిన్ సరిహద్దుకు ఎంత దూరం? ఇంకొకటి, చాలామంది మరిచిపోయేది: జీతం ఏ బ్యాంకులో పడుతుంది, ఇంటికి ఎలా వస్తుంది? పెద్ద రష్యన్ బ్యాంకులు స్విఫ్ట్‌లో లేవు, ఇక్కడి మీ వీసా కార్డు అక్కడ పనిచేయదు. లక్ష రూపాయల జీతం చేతికొచ్చినా ఇంటికి పంపే దారి లేకపోతే అప్పు ఎలా తీరుతుంది? తెలంగాణ వాళ్ళు టామ్‌కామ్‌లో, ఆంధ్ర వాళ్ళు ఏపీఎన్ఆర్‌టీ సొసైటీలో ఒక మాట కనుక్కున్నాకే అడ్వాన్స్ కట్టండి.

ఆంక్షలు మంచివా చెడ్డవా అని చాలామంది నా తీర్పు అడిగారు. పొరుగు దేశం మీద సైన్యంతో పడ్డవాడికి ఏ ఖర్చూ తగలకుండా వదిలేస్తే రేపు ఇంకొకడు పడతాడు, అందుకని ఏదో ఒకటి చేయక తప్పదని నేను అనుకుంటాను. కానీ ఆంక్షలతో పని అయిపోయిందని చేతులు దులుపుకోవడం మాత్రం మోసం. ఇరాక్‌లో పన్నెండేళ్ళు, రష్యాలో ఇన్నేళ్ళు చూశాక తెలిసింది ఏంటంటే, పాలకుడి భోజనం బల్ల దగ్గరికి ఆ దెబ్బ అన్నిటికంటే ఆలస్యంగా చేరుతుంది. ముందు కూలివాడికి, రైతుకు, ఓడ మీద కుర్రాడికి తగులుతుంది.

వచ్చే ఎపిసోడ్‌లో చమురు ధర పడిపోతే గల్ఫ్‌లో ప్రాజెక్టులు, మన జీతాలు ఏమవుతాయో మాట్లాడుకుందాం. రష్యా ఆఫర్ ఎవరికైనా వచ్చి ఉంటే డబ్బు కట్టకముందే ఆ కాగితాల ఫోటోలు మనకు పంపండి. పేర్లు బయటికి రానివ్వం. ఆ కాంట్రాక్టులో ఏం రాసి ఉందో కలిసి చదువుదాం.